పందెం పొద్దుటి మేత

నంద్యాలలో పాత టూ స్ట్రోక్ బండ్లు బాగుచేసే మెకానిక్కులు ఇంకా ముగ్గురో నలుగురో మిగిలారు. వాళ్లలో భయస్తుడు ఎవరని అడిగితే ఎవరైనా సరే నూనెపల్లెలో జ్ఞానప్రకాశం షెడ్డు చూపిస్తారు. బండి బాగుచేసి పంపాక కూడా ఆయన మనసు ఆ బండి వెనక సీటు మీద కూర్చుని పోతుంది. బ్రేకు తీగ సరిగా బిగించానా, చక్రం నట్టు చూశానా అని కంచం ముందు కూర్చుని ఆలోచిస్తాడు. బండివాడికి ఫోను చేసి, "ఇల్లు చేరినావా అబ్బీ?" అని అడిగితే గానీ ఆయనకు ముద్ద దిగదు.

"చర్చిలో కండ్లు మూసుకున్నా నీకు యేసయ్య కనపడడు, నట్లే కనపడతాయి" అని భార్య అరుణకుమారి ఆటపట్టిస్తుంది. ఆయన నవ్వడు. ఆమె చెప్పింది నిజం కాబట్టి.

ఇలాంటి మనిషి పందెం బండి ముట్టుకోకూడదు. కానీ ఆళ్లగడ్డ శ్రీకాంత్ వచ్చి నెల రోజులు షెడ్డు ముందు కూర్చుంటే కాదనలేకపోయాడు. శనగ కోతలయ్యాక ఆళ్లగడ్డ బయట ఖాళీ చేలో కుర్రాళ్లు మట్టి దారి చదును చేసుకుని బండ్ల పందెం పెట్టుకుంటారు. శ్రీకాంత్‌కు అందులో గెలవాలని ఉంది. తండ్రి లేడు. తల్లి కమలాక్షమ్మే సేద్యం చూసుకుంటూ ఒక్కగానొక్క కొడుకును పెంచింది. ఆ సంగతి తెలిసిన రోజు నుంచే జ్ఞానప్రకాశానికి నిద్ర తగ్గింది.

ఇంజను మాత్రం ఆయన ప్రేమగా చేశాడు. హెడ్డు చెక్కించి లోపలి ఒత్తిడి పెంచాడు, లోపలి దారులు ఆకురాయితో కొంచెం కొంచెంగా వెడల్పు చేశాడు, ఆయిల్ పంపు తీసేశాడు. పంపు లేని బండికి పెట్రోల్లోనే నూనె కలిపి పోయాలి. ఆ నూనే పిస్టన్‌కు ప్రాణం. అది తగ్గిందంటే పిస్టన్ కాగిపోయి సిలిండరును పట్టేస్తుంది. వెనక చక్రం ఉన్నచోట నిలబడిపోతుంది, మీద కూర్చున్నవాడు మాత్రం నిలబడడు. ఆయన భయమంతా అక్కడే ఉంది.

చిక్కు పెట్రోలు దగ్గర వచ్చింది. మామూలు బంకు పెట్రోలు పోస్తే ఇంజను డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు చప్పుడు చేసింది. అంత ఒత్తిడికి ఆ పెట్రోలు తాళలేక ముందే అంటుకుంటోంది. ఆక్టేన్ అంటే బలమని కుర్రాళ్లు అనుకుంటారు గానీ అది ఓపిక. తన సమయం వచ్చేదాకా అంటుకోకుండా ఆగే గుణం. అందుకని జ్ఞానప్రకాశం హైదరాబాదు నుంచి నూరు ఆక్టేన్ పెట్రోలు తెప్పించాడు. శ్రీకాంత్ ఊరుకున్నాడా? స్నేహితుడి కారులో బెంగళూరు నుంచి అసలు రేసు పెట్రోలే క్యాను నిండా దింపుకున్నాడు. దానిది ఘాటైన వాసన, చూస్తే నీళ్లలా ఉంది.

ఏది పోయాలో తేల్చడానికి ఇద్దరూ శిరివెళ్ల దారిలో బండి తీసుకుపోయారు. దారి ఖాళీగా ఉన్నచోట నిండుగా ఎక్సలేటరు ఇచ్చి, ఆ వేగం మీదే ఇంజను ఆపేసి, ప్లగ్గు ఊడదీసి రంగు చూడాలి. హైదరాబాదు పెట్రోలుకు ప్లగ్గు ముదురు టీ రంగులో వచ్చింది. ఆయన ప్రాణం కుదుటపడింది. తర్వాత రేసు పెట్రోల్లో కూడా నూనె కలిపి అలాగే నడిపారు. ఈసారి ప్లగ్గు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. జ్ఞానప్రకాశం దాన్ని ఎండలో అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎటు తిప్పినా తెలుపే.

"ఇది వద్దు నాయనా. లోపల మంట ఎక్కువవుతాంది. దీనికి కార్బ్యురేటర్లో పెట్రోలు వదిలే జెట్టు ఇంకా పెద్దది కావాల, మన దగ్గర లేదు" అన్నాడు.

"రేసు కోసం చేసిందన్నా ఇది! దీన్ని కాదని హైదరాబాదుది పోస్తావా?"

"మంచిదే, నేను కాదంటాండానా? మన బండికి పడదు."

శ్రీకాంత్ మొహం ముడుచుకున్నాడు గానీ ఒప్పుకున్నాడు.

పందెం ముందురోజు మధ్యాహ్నం ఆళ్లగడ్డలో వాళ్లింటి కొట్టంలోనే జ్ఞానప్రకాశం పెట్రోలూ నూనే కొలిచి కలిపి, ట్యాంకులో సగానికి పోసి మూత బిగించాడు. ఒకప్పుడు ఆ కొట్టంలో బండలాగుడు గిత్తలుండేవి. చుట్టుపక్కల ఆ ఇంటి గిత్తలను ఓడించినవాళ్లు తక్కువ. ఇప్పుడు గిత్తల్లేవు. కట్టుకొయ్య పక్కన బండి నిలబడింది, గిత్తలు మేత తిన్న గాడి మీద రెండు క్యాన్లున్నాయి.

కమలాక్షమ్మ వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "ఏమప్పా, రెండు క్యాన్లు ఉండాయి. ఏది బలం?"

అప్పటికి ఆయన నడుం విరిగేలా వంగి చైను చూస్తున్నాడు. తల ఎత్తకుండానే, ఆమెకు తెలిసిన భాషలో చెబుదామని, "ఆ బెంగళూరుది ఉలవల మాదిరి అక్కా. మనం పోసింది చొప్ప అనుకో" అన్నాడు.

"పందెం గిత్తకు చొప్ప పెట్టి పంపుతారా యాడన్నా?"

"రేపటికి చొప్పే చాలులే అక్కా" అని నవ్వాడు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు పెద్దలు.

పోయేముందు, ఆమె చూస్తుండగానే శ్రీకాంత్‌ను పిలిచి బండి ఎక్కించి ఎడమ చేయి పట్టుకున్నాడు. "రెండు వేళ్లు క్లచ్చు మీద నుంచి తియ్యొద్దు. ఇంజను చప్పుడు సన్నబడితే ఆలోచించొద్దు, క్లచ్చు పట్టెయ్, చక్రం ఇంజను నుంచి విడిపోతాది. పందెం పోతే పోనీ. నాకు మాటియ్యి" అన్నాడు. శ్రీకాంత్ విసుక్కుంటూనే మాటిచ్చాడు. జ్ఞానప్రకాశం నట్లన్నీ రెండోసారి బిగించి, చైను మూడోసారి చూసి నంద్యాల బస్సెక్కాడు. అన్నీ చూసిన మనిషి గాడి మీద రేసు పెట్రోలు క్యానును అక్కడే వదిలేశాడు.

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. పందెం రోజు పొద్దున్నే ఇంటి ఆడది కొట్టంలోకి ఒంటరిగా పోయి, గిత్తకు తన చేత్తో ఉలవల ముద్ద తినిపించాలి. ఎవరూ చూడకూడదు. పందెం ముగిసేదాకా ఎవరికీ చెప్పకూడదు, చెబితే ఆ మేత ఒంటబట్టదు. కమలాక్షమ్మ అత్త అలాగే చేసింది, కమలాక్షమ్మా అలాగే చేసింది. గిత్తలు పోయినా ఆ నమ్మకం పోలేదు.

మరునాడు జ్ఞానప్రకాశం ఎక్కిన బస్సు శిరివెళ్ల దగ్గర ట్రాక్టర్ల వెనక చిక్కుకుంది. ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, డ్రైవరును కసిరి, కండక్టరుతో తిట్టించుకుని, చివరికి చేను దగ్గరికి చేరేసరికి బండ్లన్నీ వరసలో నిలబడి రంకెలు వేస్తున్నాయి. జనం తాడు వెంట గుంపులుగా ఉన్నారు. ఆయన చూపు ముందు పొగ మీదికి పోయింది. అన్ని బండ్ల వెనకా నీలం పొగ దట్టంగా లేస్తోంది. శ్రీకాంత్ బండి వెనక పొగ ఉండీ లేనట్టు ఉంది.

పొగ తగ్గిందంటే నూనె తగ్గినట్టే. తన చేత్తో కొలిచి కలిపింది ఎలా తగ్గుతుంది?

తాడు పక్కన కమలాక్షమ్మ కనిపించింది. పరుగున పోయాడు. దగ్గరికి పోగానే ఆ ఘాటైన వాసన ఆమె చేతుల నుంచే తగిలింది.

"అక్కా, ట్యాంకులో ఏమన్నా పోసినావా?"

ఆమె బండి వైపే చూస్తోంది.

"అక్కా, నీకు దండం పెడతా. పోసినావా లేదా?"

"పందెం కానీప్పా. తర్వాత చెప్తా."

ఆయనకు ఏడుపొచ్చింది. ఆమెను పట్టుకుని ఊపేయాలనిపించింది. "గిత్త పడితే గిత్త కాలే ఇరుగుతాది. ఇది పట్టేస్తే పడేది నీ కొడుకు, అక్కా! నీ కొడుకు!"

కమలాక్షమ్మ మొహం అప్పుడు తిరిగింది. పెదవులు కదిలాయి. "పోసినా. ఆ బెంగళూరుది... నిండేదాకా" అంది.

నూనె కలపకుండా పోసింది. ఉన్న నూనె సగమైపోయింది, పైగా ప్లగ్గును సున్నంలా చేసిన ఆ పెట్రోలు. జ్ఞానప్రకాశం "ఆపండప్పా! ఆపండి!" అని అరుస్తూ తాడు కింద దూరాడు. అదే క్షణంలో జెండా పడింది. బండ్లు మట్టి లేపుకుంటూ పోయాయి, ఆయన అరుపు ఆయనకే వినపడలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

మలుపు దగ్గర బండ్లు నెమ్మదిస్తాయని గుర్తొచ్చి అటు పరుగెత్తాడు. తాడు ముందు నిలబడి ఎడమ చేయి పైకెత్తి రెండు వేళ్లు ముడుస్తూ తెరుస్తూ చూపించాడు. శ్రీకాంత్ రెండోవాడిగా వచ్చి, తల కూడా తిప్పకుండా పోయాడు. వెనక కమలాక్షమ్మ చెప్పులు వదిలేసి కోసిన శనగ మోళ్ల మీద నడుస్తూ వచ్చి ఆయన పక్కన నిలబడింది.

మళ్లీ వచ్చేసరికి శ్రీకాంతే ముందున్నాడు. జనం ఈలలు వేశారు. ఆళ్లగడ్డ వాళ్లంతా గెలిచినట్టు గంతులు వేస్తున్నారు. జ్ఞానప్రకాశం రెండు వేళ్లూ ముడిచి అలాగే పట్టుకున్నాడు. హెల్మెట్ ఇటు తిరిగిందో లేదో దుమ్ములో తెలియలేదు.

"ప్రభువా, వాడి వేళ్లు" అన్నాడు పైకే. ఇంకేం ప్రార్థన చేయాలో తోచలేదు.

అవతలి పక్కన తిన్నని దారిలో ఆ ఇంజను చప్పుడు సన్నబడింది. సన్నబడి, కీచుమని, ఆగిపోయింది. మిగతా బండ్లు దుమ్ములోంచి ఒక్కొక్కటే బయటికొచ్చాయి. శ్రీకాంత్ రాలేదు. కమలాక్షమ్మ జ్ఞానప్రకాశం చొక్కా గుప్పిట్లో పట్టుకుంది. దుమ్ము అణగడానికి ఎంతసేపు పట్టిందో ఇద్దరికీ తెలియదు.

అణిగాక కనిపించాడు. బండిని నెట్టుకుంటూ దారి పక్కన నడిచి వస్తున్నాడు. నెట్టుకుంటూ వస్తున్నాడంటే నిలబడే ఉన్నాడు.

దగ్గరికి వచ్చి బండిని వాల్చి, హెల్మెట్ తీసి విసిరేశాడు. "గెలిచే బండన్నా! ఏం చేసినావు నా బండిని?" అని అందరి ముందూ జ్ఞానప్రకాశం మీదికి వచ్చాడు. ఉలవలు, చొప్ప అన్నది జ్ఞానప్రకాశం నోరే కదా. ఏమని చెబుతాడు?

కమలాక్షమ్మ అడ్డం వచ్చి నిలబడింది. "ఆయప్పను ఏం అనొద్దు. పోసింది నేను."

"ఏం పోసినావ్ మా?"

"ఉలవలు" అంది. అని, కొడుకు చేతులూ భుజాలూ మెడా తడుముతూ, గిత్త పందెం నుంచి వచ్చాక ఎముకలు చూసినట్టు ఒక్కొక్కటే చూసింది. "చప్పుడు సన్నబడితే పట్టేసినావా?"

"పట్టేసినా. మాటిచ్చినా కదా" అన్నాడు శ్రీకాంత్. అన్నాక గానీ ఆ మాటలో ఉన్నదేమిటో అతనికి తెలిసినట్టు లేదు. కోపం దిగిపోయి, నేల మీద కూలబడ్డాడు.

జ్ఞానప్రకాశం ప్లగ్గు ఊడదీద్దామని బండి పక్కన కూర్చున్నాడు. ఎడమ చేయి పని చేయలేదు. అక్కడ లేని క్లచ్చును పట్టుకున్నట్టు రెండు వేళ్లూ అలాగే బిగుసుకుపోయి ఉన్నాయి. తెరవబోయాడు, రాలేదు. కమలాక్షమ్మ చూసి ఎదురుగా కూర్చుంది. పెట్రోలు వాసన పోని చేతుల్లోకి ఆ చేయి తీసుకుని, వేళ్లు ఒక్కొక్కటే మెల్లగా నిమిరి చాపింది.

"వదులప్పా, వాడు వచ్చేసినాడు. ఇంగ వదులు" అంది.