నారాయణగూడలో బొమ్మల పేరంటం

మా ఇల్లు అశోక్‌నగర్‌లో. మేడమీది వాటాలో ఉండే సుభద్ర బళ్లో డ్రాయింగు టీచరు. తను వేసిన బొమ్మలన్నీ నారాయణగూడలో ఒక హాల్లో పెడుతున్నానని, ఆ ఒక్క ఆదివారమే ఉంటాయని చెప్పి, కుంకుమభరిణ పట్టుకుని మా వీధిలో ఐదిళ్లనూ పేరంటానికి పిలిచినట్టే పిలిచింది. "మీరు బయల్దేరితే అందరూ వస్తారు పిన్నిగారూ" అంది నాతో. ఈ ప్రయాణానికి కారణం ఆ మాటే.

మధ్యాహ్నం రెండింటికి అందరం కలిసి వెళ్లాలనుకున్నాం. పదకొండింటికి పూలకోసం చిక్కడపల్లి బజారుకు నడిచాను. పూలమ్మే ఆమె మూర కొలుస్తూ, "నారాయణగూడకా? పోకమ్మా. బొమ్మల హాలుకు పోలీసోళ్లు తాళమేసిండ్రంట. వ్యాను గూడ నిలబెట్టిండ్రంట" అంది. కాలేజీ పిల్లల ఊరేగింపులు, లాఠీలు రోజూ వింటున్నవే. ఎవరు చెప్పారని కూడా అడగలేదు. తిరిగొచ్చి నాలుగిళ్ల తలుపులూ తట్టి వెళ్లొద్దని చెప్పాను. నా మాట మీద అందరూ ఆగిపోయారు.

ఇంట్లో కూర్చుంటే మనసు కుదురుగా లేదు. సుభద్రను స్టేషనుకు తీసుకెళ్లారేమో, అన్నం తిన్నదో లేదో అని ఒకటే బెంగ. ఉండబట్టలేక మూడున్నరకు రిక్షా పిలిచాను. ముప్పావలా అడిగి అర్ధరూపాయికి ఒప్పుకున్నాడు. దారిలో సంగతి చెబితే తొక్కుతూనే నవ్వాడు.

"బొమ్మలేం జేసినయమ్మా పోలీసోళ్లను? నువ్వు జూసినవా?"

"లేదు నాయనా."

"చెప్పినామె జూసిందా?"

"ఆవిడకీ ఎవరో చెప్పారట."

"ఆ వ్యాను పది దినాల సంది కాలేజి ముంగట్నే ఉన్నది. హాలు దాని పక్కకే. గంతే అయ్యుంటది."

అంతే అయింది. వ్యాను పక్కనుంచే లోపలికి వెళ్లాను. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. గోడల మీద మా వీధి కుళాయి, మా మేడ మెట్లు, గుమ్మంలో నిలబడి నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఎవరికోసమో చూస్తున్న నేను. చూసేవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. సుభద్ర స్టూలు మీద కూర్చుని ఉంది. పక్కన పళ్లెంలో ఐదు తాంబూలాలు, ఆకుల అంచులు వాడిపోయి.

"పోలీసులు మూసేశారన్నారమ్మా. భయపడి అందరినీ నేనే ఆపేశాను" అన్నాను.

సుభద్ర లేచి స్టూలు నాకు జరిపింది. తర్వాత, "పోలీసులు వచ్చారు పిన్నిగారూ. ఇద్దరు కానిస్టేబుళ్లు, మంచినీళ్లకని. మీ బొమ్మ చూసి, మా అమ్మ గూడ గిట్లనే నిలబడ్తది అన్నాడు ఒకతను" అంది.

ఐదింటికి హాలు ఖాళీ చెయ్యాలి. తను బొమ్మలు దించుతుంటే రెండో చివర పట్టుకున్నాను. అన్నీ అయ్యాక పళ్లెం నా చేతిలో పెట్టి, "మిగతా నాలుగూ మీరే ఇచ్చెయ్యండి. మీరు చెబితే వింటారుగా" అంది.

ఎత్తిపొడుపుగా అనలేదు. అందుకే ఇంకా గుచ్చుకుంటోంది. ఆ నాలుగు తలుపులే మళ్లీ తట్టి, హాలు తెరిచే ఉందని, నేనే చూడకుండా చెప్పానని చెప్పాను. పోనీలెండి, ఇంకోసారి వెళ్దాం అన్నారు. సుభద్ర బొమ్మలు మంచం కింద పెట్టేసింది.

అశోక్‌నగర్ నుంచి నారాయణగూడకు రిక్షాలో పావుగంట. వెళ్లొద్దని ఎవరైనా చెబితే, ఆ పావుగంటా వెళ్లి, తలుపు మీద చెయ్యి వేసి చూసి రండి. ఆ తర్వాతే పక్కింటివాళ్లకు చెప్పండి.