తడి టేకుల నడుమ ఒక తీగ

జైనూర్ దాటినంక జర దూరానికే రోడ్డు అయిపోయింది. వాగు ఒడ్డున ట్రాక్టర్ ఆగింది. అప్పటికి నీళ్లు మోకాళ్ల దాంకనే ఉన్నయి. బ్యాటరీని కట్టెకు కట్టి ఇద్దరం మోసినం. రేడియో సెట్టు నా వీపు మీద, ప్లాస్టిక్ కవర్ల చుట్టి ఉన్నది. నా వెంట వచ్చినాయన కరెంటు లైన్‌మన్. తాళ్లు, తీగ చుట్ట ఆయన భుజానికి. దాటినం. తెల్లారేసరికి వాగు పొంగింది. మళ్ల మనిషిని దాటనియ్యలే.

నేను ఫౌజుల సిగ్నల్స్ హవల్దార్‌గ చేసి దిగినోణ్ణి. మాది చెన్నూరు. యూనిఫాం విడిచినంక హామ్ రేడియో లైసెన్సు తీసుకున్న. హామ్ అంటే జీతం లేని రేడియో, షోకుకు మాట్లాడుకునేది. వానకాలం సెల్ టవర్లు మూగవోతే ఆ షోకే డ్యూటీ అయితది. సర్కారు ఆర్డరు చిన్నది. కొండ మీది గూడెంల కూసోవాలె. పొద్దుగాల, పగటీలి, పొద్దుగూకంగ ఆసిఫాబాద్ బేస్‌కు ఖబర్ చెప్పాలె. రోడ్డు తెరిచిందాంక అక్కడనే.

గూడెం చిన్నది. గోండుల ఇండ్లు, ఒక చేతిపంపు, ఒక బడి. వానలకు బడి బందు. అందుల దిగినం. చుట్టూ టేకు అడవి. ఎండకాలం టేకు మోడు. వానకాలం దాని ఆకు చాటంత అయితది. మబ్బు కొండ దిగి చెట్ల నడుమ తిరుగుతుండేది. వాన ఆగినా అడవిల ఆగది. ఒక ఆకు మీది నీళ్లు ఇంకో ఆకు మీదికి, అక్కడికెల్లి కిందికి, టప టప రాలుతనే ఉంటయి. ఆ సప్పుడు వినుకుంట కూసుంటే మెలకువకు, నిద్రకు నడుమ గీత చెరిగిపోయేది.

మొదటి దినం చేతి సెట్టుతోని పిలిచిన.

"బేస్, బేస్, ఇది కొండ. వినవడుతుందా? ఓవర్."

గురగుర తప్ప ఏం రాలే. చేతి సెట్టు మాట చిన్న అల మీద పోతది. చిన్న అల తడి ఆకులను దాటలేదు. ఒక చెట్టయితే దాటునేమో. అడవికి అడవే నీళ్లు పట్టుకొని నిలవడితే, మాట బడి గోడ దాటక ముందే ఇంకిపోతది.

పెద్ద అల కావాలె. పెద్ద అలకు పొడుగు తీగ కావాలె. తీగకు ఎత్తు కావాలె. గూడెంల ఎత్తు ఇచ్చేది మళ్ల చెట్టే. బడి ముంగట ఎదురెదురుగ రెండు ఇప్పచెట్లున్నయి. లైన్‌మన్ మేకులు తీసిండు. అప్పుడు పటేల్ వచ్చిండు. గూడానికి పెద్దమనిషి. తెల్ల మీసాలు, నెత్తికి రుమాలు.

"మేకు కొట్టకు భావూ," అన్నడు. "గిది మాకు పువ్వు పెట్టే చెట్టు. తాడుతోని కట్టుకో."

తాడుతోనే కట్టినం. బట్టలారేసే దండెం లెక్క తీగను రెండు చెట్ల నడుమ గుంజినం. నడుమకెల్లి కేబుల్ కిందికి దించి సెట్టుకు కలిపినం. తీగ శానా ఎత్తు లేదు. అదే మంచిగైంది. తక్కువ ఎత్తుల అడ్డంగ కట్టిన తీగ మాటను నేరుగ మీదికి ఇసురుతది. ఆకాశం దాన్ని మళ్లేసి కొండల అవతల దించుతది. కొండ అడ్డం రాదు.

"కొండ, ఇది బేస్." పండుగలెక్క వినవడ్డది ఆ గొంతు. "ఆవాజ్ సాఫ్ వస్తుంది భాయ్. ఏం ఫికర్ లేదు. చాయ్ దొరికిందా? ఓవర్."

బేస్ అంటే ఆసిఫాబాద్‌ల మోటర్లు వైండింగ్ చేసే దుకాణపాయన. నాలెక్కనే హామ్. ఆయన మొఖం నేను అప్పటికి చూడలే. ఆ దినాలు గొంతుతోనే దోస్తానం. ఏ ఊరికి బియ్యం అందలేదో, ఎవరికి జరమో నేను చెప్తుంటి. ఆయన రాసుకుంట నడుమ నడుమ దగ్గుతుండె.

తర్వాత గాలి మొదలైంది.

గాలికి రెండు చెట్లు ఒక్క తీరుగ ఊగయి. ఒకటి ఇటు వంగితే ఇంకోటి అటు పోతది. నడుమ తీగ బిర్రుగయితది. నేను బడి వసారాల నిలవడి చూస్తనే ఉన్న. ఒక్క ఊపు, టక్కుమన్నది. తీగ తెగి బురదల పడ్డది.

అదే పొద్దుల నర్సమ్మ ఉరికొచ్చింది. టీకాలు వెయ్యనీకి వచ్చి వాగుకు ఇవతల చిక్కుకున్న మనిషి. చీర అంచు మోకాళ్ల దాంక బురద.

"సార్, పటేల్ మనుమరాలికి కాన్పు నొప్పులు. నెత్తురు ఆగుతలేదు. నా తాన ఉన్న సూది ఇచ్చిన. దవాఖానకు తీస్కపోకుంటే దక్కది. పడవ పంపుమని చెప్పుండ్రి."

తెగిన కాడ తీగను మెలేసి కలిపినం. మళ్ల ఎక్కిచ్చినం. బేస్‌ను పిలిచిన. జవాబు లేదు. మీటర్ చూసిన. ముల్లు ఆ కొసకు పోయి కూసున్నది. అంటే పంపిన కరెంటు మొత్తం తీగ నుంచి వాపస్ వస్తుంది. తలెత్తి చూస్తే సమజైంది. నిండ తడిసి ఇప్ప కొమ్మలు కిందికి వాలినయి. తీగ రెండు కొసలు ఆకులల్ల మునిగినయి. కొసల కాడనే వోల్టేజి ఎక్కువ. అక్కడ తడి ఆకు తాకితే సెట్టు సగం గొంతుతోని కూడ మాట్లాడలేదు.

లైన్‌మన్ నా దిక్కు చూసిండు. "కొమ్మలు కొడదామా?"

ఆ మాట విని పటేల్ ఇంట్లకు పోయిండు. గొడ్డలి పట్టుకొని వచ్చిండు. చెట్టు కింద నిలవడి దాన్ని నా చేతికిచ్చిండు.

"మనిషి కన్న చెట్టు పెద్దది గాదు భావూ. కొట్టు."

గొడ్డలి పట్టుకొని చెట్టును చూసిన. ఒక కొమ్మ కొడితే పై కొమ్మ ఊగి అక్కడికే వస్తది. కొట్టుకుంట పోతే పొద్దంత పడుతది. అంత సేపు ఆ పిల్ల తాన లేదు.

"తీగనే జరుపుదాం," అన్న. "తాడు పొడుగు చెయ్యి. కొసలు ఆకుకు బారెడు దూరం రావాలె."

తీగ నడుమను వసారా ముంగట వెదురు గడకు ఎత్తినం. రెండు కొసలకు పొడుగు తాళ్లు కట్టి బయటి దిక్కు, ఆకు లేని కాడికి గుంజినం. ఒక తాడును చెట్టుకు ముడెయ్యలే. కొమ్మకు కట్టిన కప్పీల నుంచి దించి కొసకు రాయి కట్టినం. చెట్టు వంగితే రాయి లేస్తది. చెట్టు వాపసొస్తే రాయి దిగుతది. తీగ మీద బరువు ఎప్పుడు ఒక్కతీరే ఉంటది. ఇది ఫౌజుల నేర్చుకున్న పని. లైన్‌మన్ సిరిసిల్ల నేతోళ్ల సాంచెల ఇంట్ల పుట్టినోడు. తీగను వేలితోని మీటి చూసిండు.

"పడుగు లెక్క కుదిరింది," అన్నడు.

మీటర్ ముల్లు కిందికి దిగింది.

"బేస్, బేస్, ఇది కొండ. అర్జంటు. కాన్పు కేసు, నెత్తురు పోతున్నది. వాగు కాడికి పడవ, డాక్టర్ కావాలె. ఓవర్."

గురగుర. వాన సప్పుడు. తర్వాత, బాయిల నుంచి వచ్చినట్టు:

"విన్న కొండ. జర ధీరే, మళ్లొకసారి చెప్పు. నేను లైన్ మీదనే ఉన్న. ఇక్కడికెల్లి కదల."

మంచానికి కట్టెలు కట్టి పిల్లను నలుగురు మోసిన్రు. మీద నీలి టార్పాలిన్. నర్సమ్మ రెండో చేతి సెట్టు పట్టుకొని వెంట నడిచింది. నేను సెట్టు కాడ నుంచి లెవ్వొద్దు. ఫౌజులైనా, ఇక్కడైనా సిగ్నల్ మనిషికి ఇదే కష్టం. అందరు పోతరు, నువ్వు వినుకుంట కూసుంటవు.

"సార్, టేకులల్లకు దిగుతున్నం," అన్నది నర్సమ్మ. "పిల్ల కండ్లు తెరిచే ఉన్నది. వాగు సప్పుడు..."

అంతే. అడవి ఆ గొంతును తీసుకున్నది.

పటేల్ వచ్చి నా పక్కన కూసున్నడు. రాయి లేస్తుంది, దిగుతుంది. తీగ మీద వాన చుక్కలు వరుసగ పారి కొసకు పోయి రాలుతున్నయి. ఎంత సేపైందో తెల్వది. బడి, వాన, ముసలాయన ఊపిరి అన్ని ఒక్కటే అయినట్టున్నది. నేను పాత బంకర్‌ల ఉన్ననా, ఈ వసారాల ఉన్ననా, ఒక గడియ సమజ్ కాలే.

"కొండ, ఇది బేస్. వాగు దాటిన్రు. డాక్టర్ చూస్తుండు. ఓవర్."

పటేల్‌కు చెప్పిన. తల ఊపిండు. తెల్లారి పొద్దుగాల ఖబర్‌ల బేస్ గొంతు జీరవోయి ఉన్నది. రాత్రంత దవాఖాన కాడనే ఉన్నడట.

"తల్లి మంచిగున్నది. ఆడబిడ్డ. ముసలాయనకు చెప్పు భాయ్."

నేను చెప్పకముందే పటేల్ లేచిండు. ఆడబిడ్డ అన్న మాట విన్నడు. బయటికి పోయి, వానల నిలవడి, రుమాలు తీసి మొఖం తుడుసుకున్నడు.

వానలు తగ్గినంక రోడ్డు తెరిచిన్రు. ఆర్డరు వచ్చింది, సామాను సర్దుకొమ్మని. తీగ విప్పినం, చుట్ట చుట్టినం. ఇప్పచెట్ల కొమ్మలు ఆరి మళ్ల మీదికి లేచినయి. చెన్నూరు చేరిన దినం మా ఇంటామె అన్నం పెట్టుకుంట అడిగింది, అక్కడ ఏం చూసినవని. అన్ని చెప్పిన. ఒక్కటి చెప్పరాలే.

మేము వాపస్ వచ్చే పొద్దున వాగు మళ్ల మోకాళ్ల దాంకనే ఉన్నది. సన్నగ తుంపర. నడుమ వాగుల ఒక పిలగాడు ఎదురొచ్చిండు, పటేల్ మనుమరాలి మొగడు. ఆమె అవతలి ఒడ్డున నర్సమ్మ భుజం పట్టుకొని నిలవడ్డది. ఆయన ఒక చేతిల బిడ్డ, ఇంకో చేతిల పచ్చి టేకు ఆకు. ఆకును బిడ్డ మొఖం మీద గొడుగు లెక్క పట్టి, అడుగుల అడుగేసుకుంట దాటుతుండు. దగ్గరికొచ్చినంక జర వంచి చూపిచ్చిండు. ఆకు కింద నీడ పచ్చగున్నది. ఆ పచ్చని నీడల బిడ్డ నిద్రపోతుంది. పైన చినుకులు రాలుతున్నయి. ఒక్కటి గూడ లోపలికి రాలే.