క్వయర్ పాటలకు తాళం వేసిన మా పెదనాన్న

మా పెదనాన్న పోయారండి. పోయిన ఆదివారం చర్చికి వెళ్దామని చొక్కా ఇస్త్రీ చేసుకుని, కాఫీ తాగి కుర్చీలో కూర్చున్న మనిషి మళ్లీ లేవలేదు. కబురు తెలియగానే తాడేపల్లిగూడెం నుంచి పరుగెత్తాను. కరువుతీరా ఏడ్చాను. ఇప్పుడు తలుచుకుంటే మాత్రం నవ్వే వస్తోంది, ఏం చెయ్యను!

ఏలూరు టెలిఫోన్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారాయన. పెదపాడు వైపు మా ఊరి చర్చి క్వయర్‌ని ఏళ్ల తరబడి టేపుల్లో రికార్డు చేశారు. ఆ పాటలన్నీ ఇంట్లో ఓ పాత కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఎక్కడివాళ్లయినా ఫోన్‌లో వినేలా ఏర్పాటు చేశారు. ముఖ్యంగా కొల్లేటికోటలో ఉన్న మా మేనత్త కోసం. ఆవిడా, మా మావయ్యా ఆ క్వయర్‌లోనే పాడేవారు. మావయ్య పోయాక ఆయన గొంతు మిగిలింది అక్కడే.

అత్తకి సులువుగా ఉండాలని మొదట్లో అందరికీ ఒకటే పాస్‌వర్డ్ పెట్టారు. దాన్ని క్వయర్ లీడరమ్మ ఆరాధన అయ్యాక ప్రకటనల్లో మైకులో చదివేసింది! "కావలసినవారు రాసుకోండమ్మా" అంటూ రెండుసార్లు! చెరువుల్లో చేపలకి మేత వేసేవాళ్లక్కూడా వినబడింది. ఎవరో వాట్సాప్‌లో పెట్టారు. ఇంకేముంది, ముక్కూమొహం తెలియనివాళ్లంతా లోపలికొచ్చేశారు. ఓ రోజు చూస్తే అత్త రోజూ వినే మావయ్య పాట ఎవరో చెరిపేశారు. దాని టేపు ఎప్పుడో బూజుపట్టి పోయింది. ఆ పాట ఇక లేదు.

ఆ పూట పెదనాన్న అన్నం ముట్టలేదు. "తప్పు నాదేనమ్మా. లైను ఇచ్చేటప్పుడు ఎవరికిస్తున్నామో తెలియాలి. ఉద్యోగమంతా అదే చేసి, ఇంట్లో మర్చిపోయాను" అన్నారు.

ఆయనా నేనూ కూర్చుని ఆ దారి మూసేశాం. ఎవరి ఫోన్‌లో వాళ్లకి వేరే తాళంచెవి, అంటే ఆ ఒక్క ఫోన్‌లోనే పనిచేసే కోడ్. వినడమే తప్ప చెరపడం కుదరదు. ఆ తాళంచెవులు పంపించేవారు కాదు, ఇంటింటికీ స్కూటరు మీద వెళ్లి, మనిషిని చూసి, స్వయంగా పెట్టేవారు. పాట వినాలంటే ఇప్పుడు ఒకటికి రెండుసార్లు నొక్కాలి. అందరూ సణిగారు. అత్తయితే దులిపేసింది.

"నా మొగుడి గొంతు నేను వినడానికి తాళమేంటన్నయ్యా?"

"నీ మొగుడి గొంతు కాబట్టేనే పిచ్చిదానా" అన్నారాయన, ఆవిడ పెట్టిన చేపల పులుసు కలుపుకుంటూ.

ఆయన పోవడానికి రెండు రోజుల ముందే అత్త ఫోన్ చేపల చెరువులో పడింది. పాత తాళంచెవి రద్దు చేశారుగానీ, కొత్తది పెట్టడానికి వెళ్లలేకపోయారు. సమాధి దగ్గర నుంచి వస్తుంటే చుట్టాలంతా, "పెద్దావిడ, ఎందుకమ్మా ఆ బాధ, పాత పద్ధతే పెట్టెయ్యి" అన్నారు. నిమిషం పని. అత్త మొహం చూస్తే నాకూ పెట్టేద్దామనే అనిపించింది. పోయిన పాట గుర్తొచ్చి ఆగాను.

నిన్న ఆయన స్కూటరు మీదే కొల్లేటికోట వెళ్లాను. అత్త కొత్త ఫోన్‌లో తాళంచెవి పెట్టి ఇచ్చాను. మావయ్య పాడినవాటిలో మిగిలిన ఓ పాట కోసం సణుక్కుంటూనే రెండుసార్లు నొక్కింది. పాట ఇంకా మొదలవలేదు. బెంచీలు జరుపుతున్న చప్పుడు, ఎవరిదో దగ్గు, తర్వాత పెదనాన్న గొంతు: "అందరూ వచ్చారా? మా చెల్లేదీ? అది రానీండి, అప్పుడు మొదలెడదాం."

అత్త ఫోన్ దగ్గరికి వంగింది.

"వచ్చానన్నయ్యా" అంది.

మావయ్య పాట అందుకున్నారు.