వాసన నాది, మాట మామయ్యది

మా మామయ్య చనిపోయి నెల కావస్తోంది. ఆ ఉదయం దవాఖాన నుంచి ఆడబిడ్డ ఫోన్ చేసి "బాపు పోయిండు వదినా" అన్నప్పుడు నేను బియ్యం కడుగుతున్నాను. మా ఆయన పక్కనే గడ్డం గీసుకుంటున్నాడు. ఆయనకు చెప్పాల్సింది నేనే. చెప్పాను. సబ్బు నురగతోనే కుర్చీలో కూలబడ్డాడు. ముందురోజు ఛాతీలో నొప్పి అంటే ఆటోలో తీసుకుపోయింది ఆయనే. దారిలో కూడా తండ్రీకొడుకులు ఒక్క మాట అనుకోలేదట. అప్పటికి మాటలు బందై ఐదు నెలలు. అందులో నా తప్పు కూడా ఉంది.

వరంగల్‌లో పాత కారు కొనాలనుకునేవాళ్లు చాలామంది ముందు మామయ్యను వెంట తీసుకుపోయేవారు. ఇంజను బాగుందో లేదో చెప్పడం ఆయన పని. పోగానే బానెట్ మీద అరచెయ్యి ఆనించేవారు. వేడిగా ఉంటే, లోపం కనబడకుండా అమ్మేవాళ్లు ముందే స్టార్ట్ చేసి పెట్టారని లెక్క. "సల్లారినంక పిలువుండ్రి" అని వచ్చేసేవారు. కారులో పాట మోగితే ఆపించేవారు. "పాట పెట్టినోడు ఏదో దాస్తున్నట్టే" అనేవారు. స్టార్ట్ చేయించి వెనక పొగ గొట్టం దగ్గర గొంతుక్కూర్చుంటే అరగంటైనా లేచేవారు కాదు. కొనేవాళ్లు విసుక్కునేవారు. ఏమైందని అడిగితే చెప్పరు, చెప్పినా సగమే. ఆ సగం మాటలే మా ఇంటి మీదికి గొడవ తెచ్చాయి.

మూడేళ్ల కింద జ్వరం వచ్చి తగ్గాక ఆయనకు వాసన తెలియడం పోయింది. ఆ సంగతి నా ఒక్కదానికే తెలుసు. ఒకరోజు పొయ్యి మీద పప్పు మాడి ఆ వాసన వాకిలి దాకా వచ్చింది. బట్టలు ఆరేస్తున్నదాన్ని పరుగెత్తుకొచ్చాను. మామయ్య పొయ్యికి రెండడుగుల దూరంలో కూర్చుని పేపర్ చదువుతున్నారు. నా ముఖం చూసి ఆయనకే అర్థమైంది.

"ఎవ్వలకు చెప్పకు బిడ్డా. ముక్కు పనిచెయ్యని మెకానిక్ దగ్గరికి బండి ఎవడు తెస్తడు?"

రెండు రోజులకు ఇంజను నూనె తుడిచిన గుడ్డ ఒకటి తెచ్చి నా ముందు పెట్టి, వాసన చూడమన్నారు. పెళ్లై ఏడాది దాటినా ఆయన ముందు "ఊ", "ఆ" తప్ప నా నోట మాట వచ్చేది కాదు.

"పెట్రోల్ వాసనొస్తంది మామయ్యా."

"జరంతనా, బగ్గనా?"

"బగ్గ."

ఆయన నవ్వారు. అప్పటి నుంచి వారానికి రెండు మూడు గుడ్డలు వచ్చేవి. మాడిన నూనె ఎట్లా ఉంటుందో, ఇంజను చెడి, దాన్ని చల్లబరిచే కూలెంట్ లోపలికి దిగితే తెల్ల పొగలో తియ్యటి వాసన ఎట్లా వస్తుందో నేర్చుకున్నాను. ఆ గుడ్డలను తీసుకుపోయి బియ్యం డబ్బా మీదే పెట్టేవారు. ఎన్నిసార్లు తీసినా అంతే. ఒళ్లు మండేది. కానీ ఏడో తరగతితో బడి మానేసిన నన్ను "నీకేమనిపిస్తంది?" అని అడిగిన మొదటి మనిషి ఆయనే.

మా ఆయనకు హన్మకొండలో ఫోటో స్టూడియో ఉంది. పెళ్లికి ముందు ఫోటోలు దిగే జంటలు ఇప్పుడు మంచి కారు కావాలంటున్నారని, పాతదే ఒక ఎర్ర స్పోర్ట్స్ కారు కొందామనుకున్నాడు. రెండే తలుపులు, పైకప్పు తెరుచుకుంటుంది. కారు అమ్మే మనిషి దాన్ని హైదరాబాద్ నుంచి మా ఇంటికే తెచ్చాడు. మామయ్య చెయ్యి ఆనించి "వేడిగుంది" అన్నారు.

"నడుపుకుంటనే వస్తి గద పెద్దాయన, వేడి గాకపోతే ఏమైతది? కంప్యూటర్ల చెక్ చేయించిన, ఒక్క ఫాల్ట్ లేదు."

"కంప్యూటర్ల నిన్న తుడిపేస్తే ఇయ్యాల ఫాల్ట్ లేకనే పాయె. ఈడ్నే ఉండనీ, పొద్దుగాల చూస్త."

"బాపూ, ఇది నువ్వు బాగుచేసే ట్రాక్టర్ గాదు" అన్నాడు మా ఆయన.

"ట్రాక్టరైతే గింతగనం చూస్తనా? దీన్ని ఎవడెట్ల ఉరికిచ్చిండో ఎవనికెరుక."

రాత్రంతా కారు మా వాకిట్లోనే ఉంది. తెల్లారి అతను వచ్చాక స్టార్ట్ చేస్తే తెల్ల పొగ వచ్చింది. చలికాలం, ఏ కారుకైనా అట్లాగే వస్తుందన్నాడు ఆ మనిషి. అదీ నిజమే. మామయ్య ఒక గుడ్డను గొట్టం దగ్గర పట్టి వంటింట్లోకి తెచ్చారు.

"మంచిగ చూడు బిడ్డా. మావోనికి కారు మీద ఆశ బాగుంది."

రెండుసార్లు చూశాను. తియ్యగానే ఉంది. అదే చెప్పాను. ఆయన బయటికి పోయి "వద్దు" అన్నారు, అంతే.

మా ఆయన గుడ్డ లాక్కుని వాసన చూశాడు. అప్పటికి అది ఆరిపోయిందేమో. "ఎవ్వలికి రాని వాసన నీకొక్కనికే వచ్చిందా?" అన్నాడు. కారు మనిషి నవ్వాడు. మామయ్య ఒక్కసారి వంటింటి వైపు చూశారు. రమ్మన్నారో, వద్దన్నారో నాకిప్పటికీ తెలియదు. నేను తలుపు వెనకే నిలబడ్డాను. నాలుగడుగులు వేస్తే చాలు. వెయ్యలేదు.

తండ్రి కాదన్న కారు కొనే ధైర్యం మా ఆయనకు లేకపోయింది. కోపం మాత్రం మిగిలింది. కొన్నాళ్లకు అదే కారు వేరే స్టూడియో వాళ్ల ఫోటోల్లో కనిపించింది. "సూడు, ఎంత మంచిగుందో" అని ఫోన్ నా ముఖం మీద పెట్టాడు. ఫోటోలో ఇంజను ఎట్లా కనిపిస్తుంది? అది ఇప్పుడు నడుస్తోందో, మూల పడిందో మాకు తెలియదు. తెలిస్తే ఏదో ఒకటి తేలేది.

మా ఆయనకు చెప్పేయనా అని మామయ్యను ఎన్నిసార్లు అడిగానో. "వాని ముంగట గా మెకానిక్ పేరొక్కటన్న ఉండనీ నాకు" అనేవారు. అంత మంచి మనిషికి అంత పంతమెందుకు? ఆయన మీద కోపం నాకింకా తగ్గలేదు. ఆయన మాట విన్నందుకు నా మీద కూడా.

కర్మ అయ్యి చుట్టాలంతా వెళ్లాక మా ఆయనకు చెప్పాను.

"ఆ పొద్దు వాసన చూసింది నువ్వా?"

"ఊ."

"నిజంగ తియ్యగున్నదా?"

"నిజంగనే."

"మరి బాపు గింత మాట నాకెందుకు చెప్పలే?"

"నవ్వుతవని."

ఆయన లేచి వాకిట్లోని బాత్రూంలోకి పోయి గడియ పెట్టుకున్నాడు. నల్లా విప్పిన చప్పుడైంది. బకెట్ నిండింది, పొర్లింది. నీళ్లు తలుపు కింది నుంచి వచ్చి, బండల మీదుగా ఎండలోకి పారి, గేటు దాకా పోయాయి. నల్లా కట్టెయ్యమని నేను అనలేదు.