నాడి దిగేదాకా

రాజపాళయం స్టేషన్‌లో దిగేసరికి పదకొండున్నర అయింది. నలభై నాలుగో సంవత్సరం, మార్చి చివర, పంగుని నెల ఎండ. పడమటి కొండల మీద ఒక్క మబ్బు లేదు. వీపు మీద సంచి, భుజానికి రైఫిలు, జేబులో మలేరియా మాత్రల డబ్బా. ఆ మాత్రల వల్ల ఒళ్ళంతా పసుపు పూసుకున్నట్టు ఉంది. అస్సాంలో జ్వరంతో పడిపోయిన నన్ను ఆసుపత్రి నుంచి నేరుగా మా ఊరికే డ్యూటీ వేశారు. మా ఇల్లు స్టేషన్‌కి అర మైలు. శిబిరం అక్కడి నుంచి ఇంకో మూడు మైళ్ళు, కొండ దారిలో. ఇంట్లో అడుగు పెట్టకుండా, ఇంటి ముందు నుంచే శిబిరానికి నడిచాను. ఆర్డరు అది.

"యుద్ధం రాజపాళయంలోనే చేసినావా?" అని బజారులో ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనీ. అస్సాం కథ కావాలంటే అదీ ఉంది. కానీ నేను నిజంగా ఎదురు నిలబడింది ఇక్కడే, మీ పత్తి చేల పక్కనే. అందుకే ఇది చెబుతున్నాను.

శిబిరమంటే మూతపడిన జిన్నింగ్ షెడ్డు. అరవై మంచాలు. ఎక్కడ దులిపినా పత్తి నుసి. జ్వరాల నుంచి, గాయాల నుంచి లేచినవాళ్ళని మళ్ళీ బరువు మోసేలా చేసి పంపడం మా పని. నేను నాయక్‌ని, చేతి మీద రెండు చారలు. మొదటి రోజే డాక్టరు కెప్టెన్ తన సెకన్ల ముల్లు గడియారం నా చేతిలో పెట్టాడు.

పద్ధతి ఇది. పొద్దున ఐదున్నరకి, మనిషి మంచం దిగకముందే నాడి లెక్క. తర్వాత వీపు మీద బరువుతో, పత్తి మూటలు దించే అరుగు ఐదు నిమిషాలు ఎక్కి దిగాలి. వెంటనే ఒక లెక్క. రెండు నిమిషాలు కూర్చున్నాక ఇంకో లెక్క. ఆ రెండోది నూట పది కిందికి దిగితే రేపు ఐదు పౌన్లు ఎక్కువ. దిగకపోతే ఆ రోజుకు బరువు లేదు. మీసం ఎంత పొడుగు, గొంతు ఎంత పెద్దది అనేవి లెక్కలోకి రావు.

సిపాయిలకి ఇది తలవంపుగా ఉండేది. మణికట్టు పట్టుకుంటే మంత్రసానినా అని వెక్కిరించారు. నాకు మాత్రం ఇది కొత్త కాదు. మా ఇంట్లో పంది వేటకి కుక్కల్ని పెంచేవాళ్ళం. తెల్లవి, మొండివి. ఆగడం వాటికి తెలియదు, గుండె పగిలేదాకా పరిగెత్తుతాయి. ఒక పరుగు అయ్యాక మా నాయన కుక్క పక్కన కూర్చుని, ముందు కాలి వెనక పక్కటెముకల మీద అరచెయ్యి ఆనించేవాడు. కొట్టుకోవడం నెమ్మదించేదాకా మళ్ళీ గొలుసు విప్పేవాడు కాదు.

ఒక ఆదివారం నాయన శిబిరానికి వచ్చాడు. అరుగు పక్కన నిలబడి అంతా చూశాడు.

"ఏమిరా, పట్టాళంలో ఇదేనా నీకు ఇచ్చిన వేలై?"

"ఇదే పని నాయనా."

"సరి సరి. మన కుక్కల సంగతి ఆ డాక్టరుకి ఎవరు చెప్పినారు?"

మా రాజులు ఎన్నో తరాల కిందట తెలుగు దేశం వదిలి ఈ అరవ నేలకి వచ్చినవాళ్ళు. శిబిరంలో నాతో తెలుగు మాట్లాడేవాడు ఒక్కడే, తెనాలి వైపు సిగ్నలర్. టైఫాయిడ్ నుంచి లేచినవాడు. నన్ను ఏడిపించకపోతే అతనికి పొద్దు గడిచేది కాదు.

"ఏవిటండీ రాజుగారూ, వచ్చినాడు, పోయినాడు అంటారు? మీ తెలుగు మా తాతమ్మ తెలుగులా ఉంది."

"మేము దాచి పెట్టినాము అప్పా. మీరు పోగొట్టుకొన్నారు."

ఏడు వారాలు గడిచాయి. అందరూ మోసే బరువు నలభై పౌన్ల వైపు పెరుగుతోంది. సిగ్నలర్ బరువు ఇరవై దగ్గరే ఆగింది. అంతలో డాక్టరుకే జ్వరం వచ్చి మదురై ఆసుపత్రికి వెళ్ళాడు. మూడో రోజు శిబిరం పెద్ద మేజర్ నుంచి ఆర్డరు వచ్చింది. శుక్రవారం ఇరవై మంది, తలా నలభై పౌన్లు, కొండ మీది పై బండ దాకా నాలుగు మైళ్ళు, రెండున్నర గంటల్లో. ఇరవై మందీ చేరాలి. చేరినవాడు సరిహద్దుకి, చేరనివాడు పనికిరాడని చీటీ రాసి ఇంటికి. సిగ్నలర్లు తక్కువగా ఉన్నారని అతని పేరూ జాబితాలో వేశారు. అతను మాత్రం పండగలా సంతోషించాడు.

ఐదు నలభై అయిదుకి బయలుదేరాం. పార్టీని నడిపించే సుబేదార్ ముందు, నేను చివర. గాలి లేదు. దారి మీద రాత్రి ఏనుగులు వేసిన లద్దె ఇంకా తడిగా ఉంది. ఆరు యాభైకి సగం దారిలోని బండ చేరాం. సాధన కోసం అక్కడిదాకా టెలిఫోను వైరు ముందే వేసి ఉంది. సిగ్నలర్ తన టెలిఫోను పెట్టెని దానికి కలిపి, చేరామని శిబిరానికి చెప్పాడు; కదిలేటప్పుడు మళ్ళీ చెప్పాలి. నేను అందరినీ కూర్చోమన్నాను. ఈపాటికి వాళ్ళకే అలవాటైంది, ఒకరి మణికట్టు ఒకరు పట్టుకుని లెక్కపెట్టుకున్నారు. రెండు నిమిషాలకి పంతొమ్మిది మందికి దిగింది.

సిగ్నలర్‌కి నూట యాభై రెండు. రెండు నిమిషాలకి నూట నలభై నాలుగు. నాలుగు నిమిషాలకి నూట నలభై, అదీ మధ్యమధ్య ఒక్కో దెబ్బ తప్పుతూ. పెదాలు బూడిద రంగుకి తిరిగాయి.

"తొంభై అనండి రాజుగారూ. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలిసిపోయినాదే."

"మా సెక్షన్‌లో నలుగురు ఇంకా సరిహద్దులోనే ఉన్నారు. నా బరువు కూడా వాళ్ళే మోస్తున్నారు. ఆ చీటీ పట్టుకుని ఇంటికి పోయి ఎవరికి మొహం చూపించను?"

సుబేదార్ వచ్చాడు. మేం మాట్లాడుకున్నది హిందుస్తానీలో.

"లేపు వాళ్ళని, నాయక్."

"ఇతని నాడి దిగలేదు సాబ్. ఇతన్ని జాబితా నుంచి తీసేదాకా ఎవరూ లేవరు. మేం కదిలితే వెనకే పరిగెత్తుకొస్తాడు."

"మీ ఇంట్లో కుక్కల గుండె లెక్కపెడతారటగా. నా మనుషుల్నీ కుక్కల్ని చేశావా?"

"మా ఇంట్లో కుక్కకి ఆ నాలుగు నిమిషాలు ఇస్తాం సాబ్. సిపాయికి ఇవ్వలేమా?"

నాకు భయం వేసింది. వేయలేదంటే అబద్ధం. అయినా సిగ్నలర్ పక్కన కూర్చుని అతని కుడి మణికట్టు మళ్ళీ పట్టుకున్నాను. సుబేదార్ అరిచాడు. ఎవరూ లేవలేదు.

టెలిఫోను మోగింది. సిగ్నలర్ ఎడమ చేత్తో ఎత్తాడు. మేజర్ గొంతు బయటికి వినిపించేంత పెద్దది.

"పార్టీ ఎందుకు ఆగింది?"

"ఒక మనిషి నాడి దిగలేదు సర్."

"ఎవరతను?"

అతను నా వైపు చూశాడు. ఇప్పుడు దిగిందని ఒక్క మాట అంటే సరిపోయేది. అవతల మేజర్ నమ్మేవాడు, ఇక్కడ సుబేదార్ కాదనేవాడు కాదు. సుబేదార్ కూడా అరవడం ఆపాడు.

"నేనే సర్. సిగ్నలర్‌ని."

తర్వాత మేజర్ చెప్పింది అతను పొల్లుపోకుండా సుబేదార్‌కి చెప్పాడు. సిగ్నలర్‌ని కిందికి పంపాలి. పార్టీ నడవాలి. నాయక్‌ని అరెస్టు చెయ్యాలి. చెప్పి ఫోను పెట్టేసి, తెలుగులో నాతో అన్నాడు, "ఖర్మ, మిమ్మల్ని పట్టుకోమని కూడా నా నోటితోనే చెప్పించారు."

సుబేదార్ టోపీ సర్దుకున్నాడు. "నువ్వు అరెస్టులో ఉన్నావు. వీణ్ణి నెమ్మదిగా దింపు." పైకి వెళ్తూ ప్రతి మలుపు దగ్గరా పొగాకు నమలాలని చెప్పి రెండు నిమిషాలు ఆగాడట. ఆ పంతొమ్మిది మందిలో ఒకడు తర్వాత చెప్పాడు.

డాక్టరు తిరిగొచ్చి సిగ్నలర్ గుండె విన్నాడు. టైఫాయిడ్ గుండె కండని తినేసింది, నెలల తరబడి మంచం దిగకూడదు అన్నాడు. పై బండ చేరేవాడా అని మేజర్ అడిగితే, చేరేవాడేమో, చేరకపోయేవాడేమో, నేను పందెం కాయను అన్నాడు. నా చారలు పీకేశారు. ఆర్డరు ఆర్డరే.

సిగ్నలర్‌ని చీటీతో ఇంటికి పంపారు. బండిలో పడుకోబెట్టి స్టేషన్‌కి నేనే తీసుకెళ్ళాను. "మీరు చేసింది మర్చిపోను రాజుగారూ" అన్నాడు. అది దీవెనో శాపమో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

నలభై ఆరులో నన్నూ విడుదల చేశారు. శిబిరం నుంచి మూడు మైళ్ళు నడిచి, చారల్లేని చొక్కాతో ఇంటికి వచ్చాను. నాయన చారల గురించి అడగలేదు. ఊరు అడిగింది. బతికిపోయిన మనిషిని చూపించి ఇతన్ని నేను కాపాడానని ఎలా రుజువు చెయ్యను? చెయ్యను కూడా. మళ్ళీ ఆ బండ మీద కూర్చోబెడితే మళ్ళీ ఆపుతాను. ఇంకో రెండు చారలుంటే అవీ పీక్కోమంటాను.

ఒక్కటే నన్ను వదలదు. మోకాళ్ళ మీద కూర్చుని, ఎడమ చెవికి ఫోను ఆనించుకుని, కుడి చెయ్యి నాకు వదిలేసిన ఆ మనిషి. "నేనే సర్" అన్నప్పుడు అతని గొంతు వణకలేదు. నా వేళ్ళ కింద నాడి మాత్రం, తరుముతుంటే పరిగెత్తినట్టు పరిగెత్తింది.