నడిమి గోడ మీది పొగ

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల ముందు ఎన్నోసార్లు మొదలుపెట్టి మాట మార్చేశాను. ఏళ్ల తరబడి దీన్ని మోస్తున్నాను. ఇక నావల్ల కాదు.

సత్తి, నేను సాంచాలనే మరమగ్గాల చప్పుళ్ల మధ్య కలిసి పెరిగినవాళ్లం. పెద్దయ్యాక పక్కపక్కనే రెండు చిన్న షెడ్లు వేసుకుని నూలుకు రంగులద్దే పని పెట్టుకున్నాం. రంగునీళ్లు మరగాలంటే బాయిలర్ కింద బొగ్గు మండాలి. రెండు పొగగొట్టాలు కట్టే స్తోమత లేక నడిమి గోడ మీద ఒక్కటే లేపాం. ఇద్దరి పొగా అందులోంచే పోయేది. పొద్దున ఎవడు ముందు పొయ్యి రాజేస్తే వాడు గోడవతలికి కేకేసి రెండోవాడికి చాయ్ తాగించాలి. అది మా రివాజు. ఆ కేక కోసం ఇప్పటికీ పొద్దున్నే చెవి ఒగ్గుతాను.

ఒకసారి యూరప్ నుంచి పెద్ద ఆర్డరు మాట నడిచింది. బొగ్గు వాడని చోటే సరుకు కొంటారట, వాళ్ల మనిషి చూసి పోతాడట. నేను గ్యాసు బాయిలర్ కిరాయికి తెచ్చి, నా పొయ్యి ఆర్పి, బూడిదంతా ఎత్తిపోశాను. సత్తి వచ్చి అడిగాడు.

"నాది గూడ ఆర్పాల్నా రా?"

"నీకేం ఫికర్ రా? గాళ్లు నీ దిక్కు రారు. నీ పని నువ్వు చేస్కో."

"నువ్వు జెప్తే గంతే," అని నవ్వి వెళ్లిపోయాడు.

ఇద్దరం ఆర్పితే ఆర్డరు ఇద్దరికీ పంచేవాళ్లు. నాకు మొత్తం కావాలనిపించింది.

వచ్చినాయన కారు ఏసీ ఆగకుండా బయట నడుస్తూనే ఉంది. పొగ చూసి ఎవరిదన్నాడు. పక్కవాడిదన్నాను. ఆయన సత్తి షెడ్డులోకి పోయి మండుతున్న బొగ్గు చూసి వచ్చాడు. ఆర్డరు నాకొచ్చింది. ఎగుమతి చేసే సేట్లందరికీ ఆ సంగతి పాకి, సత్తికి నూలు ఇచ్చేవాళ్లే లేకుండా పోయారు. షెడ్డు మూతపడింది. వాడు మస్కట్ పోయాడు. మరి నేను? ఆ మనిషి విమానం ఎక్కగానే మళ్లీ బొగ్గు రాజేశాను. చూడ్డానికి మళ్లీ ఎవరూ రాలేదు.

చాలాకాలం ఆ దేశాల మీద కోపంతో బతికాను. తరతరాలుగా బొగ్గు కాల్చి బాగుపడ్డవాళ్లు, మేం కడుపు మాడ్చుకుని చౌకగా నేసిన గుడ్డ కట్టుకుంటూ, దాని పొగను మాత్రం మా నెత్తిన వేస్తారా? ఆ కోపంలో అబద్ధం లేదు. కానీ సత్తికి పొయ్యి ఆర్పొద్దని చెప్పమని వాళ్లు నాకు చెప్పారా? నేను చెప్పాను. నా నోటితో.

ఇప్పుడు షెడ్డు పెద్దదైంది. బాయిలర్ రాజేసేవాళ్లున్నారు, చాయ్ తెచ్చేవాళ్లున్నారు. వాడు లేడు. ధర్మపురి జాతరలో వాడిలాంటి భుజాలు కనిపిస్తే కాళ్లు వాటంతటవే ఆ వెంట పోతాయి. ఛీ, ఏం మనిషిని! వెళ్లగొట్టిందీ నేనే, ఎదురుచూసేదీ నేనే.

మొన్న ఫోన్ చేశాడు. "పానం బాగుంటలేదు రా, వచ్చేస్త. నాడు నా పొగతోని నీ ఆర్డరు గూడ పోతుండె. నువ్వు పాపం గాళ్లు రారనుకున్నవు, నాకే సోయి ఉండాలె. మనసుల వెట్టుకోకు. నీ దగ్గర పనికి వెట్టుకుంటవా?"

జల్ది రా అన్నాను. ఫోన్ పెట్టేశాను.

వచ్చాక చెబుతానా? చెబితే వాణ్ణి మళ్లీ పోగొట్టుకుంటానేమో. చెప్పకపోతే నన్ను మంచివాడనుకుంటూ రోజూ నా కిందే పని చేస్తాడు. ఏది చేస్తానో నిజంగా తెలియదు. మీకైతే చెబుతున్నాను. గొట్టంలో పొగ కనిపిస్తే వాళ్లు సత్తి షెడ్డుకు వస్తారని నాకు తెలుసు. తెలిసే ఆర్పొద్దన్నాను.

రాసేశాను. కొంచెం ఊపిరాడుతోంది. వాడు వచ్చే వారం దిగుతున్నాడు.