మలుపు దగ్గర ఉలవలు

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా పక్కింటి వదిన. సాయంత్రం పాల డెయిరీలో పాలు పోసి, ఖాళీ క్యాను చంకన పెట్టుకుని, మా వాకిట్లో కాసేపు నిలబడి రెండు మాటలాడి పోవడం ఆమె అలవాటు. ఆ రోజు వాకిట్లో ఆగలేదు. నేరుగా లోపలికే వచ్చింది. నేను దేవుడి గూటి ముందు కూర్చుని ఒత్తులు తడుపుతున్నాను.

"వదినా, ముందే చెప్తాండా, భయపడాకు. బిడ్డి బాగుండాది. సైకిలే పోయింది," అంది.

బిడ్డి అంటే నా కొడుకు కూతురు. అప్పుడు ఎనిమిదో తరగతి. మా ఊళ్ళో బడి ఏడుతో సరి. హైస్కూలుకు పోవాలంటే దిబ్బూరహళ్ళి రోడ్డు పట్టుకుని పక్క ఊరికి పోవాలి. ఆ రోడ్డు మీద పొద్దుటినుంచి రాత్రిదాకా జల్లి, అంటే కంకర, మోసే టిప్పర్లు తిరుగుతూనే ఉంటాయి. వాటిలో ఒకటి పక్కనుంచి పోతూ సైకిల్ హ్యాండిల్‌ను రాసుకుంది. పిల్ల కాలువగట్టు గడ్డిలో పడింది. ముందు చక్రం టైరు కింద నలిగిపోయింది.

చేతిలో ఒత్తి అలాగే ఉంది. లేచి వీధిలోకి పోయేసరికి, ఎవరో స్కూటర్ మీద ఎక్కించుకుని పిల్లను తెస్తున్నారు. మోకాళ్ళు రెండూ చీరుకుపోయాయి, అంతే. కోడలు పసుపు అద్దుతూ కూర్చుంది. నేను లోపలికి వచ్చి దీపం వెలిగించాను. ఆ గడ్డిని అక్కడ మొలిపించినవాడికి దండం పెట్టుకున్నాను. ఇప్పటికీ ఆ గట్టు దాటేటప్పుడు మనసులో ఒక దండం పెట్టుకుంటాను.

అన్నాల దగ్గర నా కొడుకు తేల్చి చెప్పేశాడు.

"ఇంక చాలమ్మా. ఇంట్లో ఉండనీ. నువ్వే చెప్పు దానికి చదువు. నీకు మీ నాయన ఇంట్లోనే చెప్పల్యా?"

చెప్పారు. మా నాయన గుడిలో పూజ చేసేవారు. బడి దూరమని నన్ను పంపలేదు. వేకువనే పక్కన కూర్చోబెట్టుకుని తెలుగు నేర్పారు, లెక్కలు నేర్పారు, స్తోత్రాలు కంఠతా పట్టించారు. ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నానంటే అది ఆయన పెట్టిన భిక్షే. కానీ మా ఊరు ఉన్నది కన్నడ రాష్ట్రంలో. నా చదువు తెలుగు, బస్సు మీద బోర్డు కన్నడ. చింతామణి బస్టాండులో ఇప్పటికీ ఎవరినో ఒకరిని ఆపి, "ఈ బస్సు యాడికి పోతాదప్పా?" అని అడిగి ఎక్కుతాను. ఆ మధ్య పిల్ల పుస్తకంలో కన్ను బొమ్మ చూపించి, లోపల ఇదేంటవ్వా అని అడిగితే, మేష్ట్రునడుగు తల్లీ అన్నాను. మేష్ట్రు దగ్గరికే పోకూడదంటే ఇంకెవరిని అడుగుతుంది?

కొడుకుతో వాదించడం నాకు చేతకాదు. "టిప్పర్లు రాని దోవ చూపిస్తే పంపుతావా?" అని మాత్రం అడిగాను.

"యాడుండాదమ్మా అట్లాంటి దోవ?"

"ఉంటే?"

"ఉంటే పంపుతా. దసరా రజా అయ్యేలోగా చూపించాల. లేదంటే మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు నువ్వు."

పిల్ల గోడకు ఆనుకుని వింటోంది. పడుకునే ముందు తన స్కూలు బ్యాగు తెచ్చి నా మంచం కింద పెట్టింది.

మరునాడు వదినను కూడా తీసుకుని బయలుదేరాను. నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా ఊరి వెనకనుంచి ఒక బండిబాట ఉండేది. ఎద్దుల బండ్లు, పట్టుపురుగుల మేతకు మల్బరీ పెంచే రేష్మె తోటల మధ్యగా, ఇప్పుడు హైస్కూలు ఉన్న చోటి వెనక్కి తేలేవి. బండ్లు పోయాక బాట కూడా పోయింది. సగం దూరం జాలిముళ్ళ పొదలు కమ్మేశాయి. మధ్యలో ఒక మల్బరీ తోట ఉంది. దాని రెండు వైపులా రాతి కంబాలు పాతి, పశువులు రాకుండా తీగ కట్టి ఉంది.

ఆ తోట ఒక ముసలామెది. భర్త పోయాక ఒంటరిగానే పురుగులు మేపేది. నోరు గట్టిదని ఊళ్ళో పేరు. మేం తీగ దగ్గర నిలబడితే దూరంనుంచే కేకేసింది.

"ఎవరది? పూజారమ్మా? ఏం, మీ సామి ఈ దోవన వస్తాడంటనా, తీగ తీయమంటావు?"

"సామి కాదక్కా, పిల్లలు," అని సంగతంతా చెప్పాను.

ఆమె విని, నేరుగా కనిపిస్తున్న పురుగింటి వైపు చూపించింది. పాత బాట సరిగ్గా దాని వాకిలి ముందునుంచే పోతుంది.

"నా పురుగింటి ముందర దినామూ ఇంతమంది తిరిగితే? దుమ్ము రేగుతాది, రోగం తగుల్తాది. మా చెల్లెలొచ్చినా కాళ్ళు కడుక్కోకుండా గడప దాటనీను నేను. మీ పిల్లకాయలు చక్రాలు కడుక్కుంటారా?"

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. పట్టుపురుగు పసిబిడ్డ కంటే సున్నితం. పంట పోతే ఆ రెండు నెలల తిండి పోయినట్టే. మేం తిరిగి రాబోతుంటే, "పూజారమ్మా, నిలబడు," అంది. "పురుగింటి దాకా రాకుండా, ఇంత దూరంలోనే మలుపు తిప్పుకోండి. తోటలోనుంచి ఒక వంపు ఇస్తా. మలుపులో సున్నం పోస్తా, చక్రాలు దాని మీదనుంచే పోవాల. ఒప్పుకుంటే కంబాలు తీస్తా."

ఒప్పుకున్నాం. ఆ వారంలోనే హెడ్ మేష్ట్రు వచ్చారు, పంచాయితీ మెంబరు వచ్చారు, పిల్లల తల్లులు కొందరు వచ్చారు. అందరం వంపు చూసుకుంటూ నడిచాం. అప్పుడే పంట ఎత్తిన తోట అది. ఆకంతా కోసేసి, కొమ్మలు నేలకు నరికి ఉన్నాయి. ఈ చివర నిలబడితే మలుపు అవతల హైస్కూలు నీళ్ళ ట్యాంకు దాకా కనబడుతోంది. మెంబరు నడుం మీద చేతులు పెట్టుకుని, "ఇంతకంటే భద్రం యాడుండాదమ్మా? ఒక తల్లి ఈడ నిలబడితే చాలు, పిల్లకాయలందరూ కండ్ల ముందర ఉంటారు," అన్నాడు. అందరం తలలూపాం. మా పథకమంతా ఆ మాట మీదే నడిచింది. ఇటు చివర వంతుగా ఒక తల్లి, అటు చివర బడి ఆయా. మధ్యలో కావలి అక్కర్లేదు.

పంచాయితీ వాళ్ళు కూలి పనుల్లో కలిపి జాలిముళ్ళు కొట్టించారు. కాలువ మీద రెండు రాతి చప్టాలు పరిచారు. దసరా సెలవులు అయిపోయిన పొద్దున పిల్లలు వరసగా బయలుదేరారు. నా కొడుకు మాటకు కట్టుబడి ఆ సైకిల్‌కు కొత్త చక్రం వేయించాడు. సాయంత్రం ఇంటికి రాగానే టైర్ల మీద సున్నం తెలుపు ఉందా లేదా అని వంగి చూసేవాడు. తెలుపు ఉంటే బాటన వచ్చినట్టు. నేను వంటింట్లోనుంచి అది చూసి, స్వామికి కృతజ్ఞత చెప్పుకునేదాన్ని.

తర్వాత వానలు బాగా పడ్డాయి. మల్బరీ పెరిగింది.

ఇది రాయడానికి నాకు నవ్వూ వస్తుంది, సిగ్గూ వేస్తుంది. ఆ రోజు ఆ తోటలో నడిచినవాళ్ళలో రేష్మె తెలియని ఇల్లు ఒక్కటీ లేదు. నరికిన కొమ్మ మళ్ళీ తలకు మించి లేస్తుందని మా ఊళ్ళో నడక రాని పిల్లకు కూడా తెలుసు. అయినా మాలో ఒక్కరికీ తోచలేదు. కార్తీకం వచ్చేసరికి బాట రెండు వైపులా పచ్చటి గోడలు లేచాయి. మలుపులో ఎవరున్నారో, ఏముందో తెలియదు. ఇటు చివర నిలబడ్డ తల్లికి ఆకు తప్ప ఏమీ కనబడదు.

ఒక సాయంత్రం మలుపు అవతలనుంచి ఆకు మోపులు వేసుకుని టిల్లర్ ఒకటి వచ్చింది. నడిపేవాడికి పిల్లలు కనబడలేదు, పిల్లలకు టిల్లర్ కనబడలేదు. మా పిల్ల సైకిల్‌తో సహా మల్బరీలోకి దూరి తప్పించుకుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, దేవుడి దయ. కానీ ఆ రాత్రి నా కొడుకు సైకిల్‌ను ఎత్తి పశువుల కొట్టంలో పెట్టి వచ్చాడు.

"రోడ్డే మేలమ్మా దీనికంటే. టిప్పరైనా దూరంనుంచి కనబడతాది," అన్నాడు. "చూపించినావు, చూసినాను. ఇంక వద్దు."

మరునాడు మిగతా ఇళ్ళవాళ్ళూ పిల్లలను ఆ బాటన పంపలేదు. వదినకు చెబితే నెత్తి కొట్టుకుని నవ్వింది. "దినామూ ఆకు కోసి కోసి చేతులు కాయలు కాసినాయి మనకు. ఆకు పెరుగుతాదని ఎవరికీ తెలీకపాయె!"

మళ్ళీ ముసలామె దగ్గరికే పోవాలి. వేళ మాత్రం అంతకంటే చెడ్డది ఉండదు. ఆమె పురుగులు నాలుగో జ్వరం లేచాయి. జ్వరం అంటే మేత మాని కదలకుండా పడుకుని పాత చర్మం విడవడం. నాలుగోది లేచాక ఆకలికి అంతుండదు. తోటలో ప్రతి ఆకూ కావాలి. నేను గడప బయటే నిలబడ్డాను. లోపలనుంచి పురుగులు ఆకు కొరికే చప్పుడు, రేకుల మీద సన్నగా వాన కురిసినట్టు, ఆగకుండా వస్తోంది.

ఆమె మేత వేస్తూనే మాట్లాడింది. "టిల్లర్ సంగతి నాకు తెలుసు. నిన్నటినుంచి బెల్లు వినపడల్యా."

"ఏం బెల్లక్కా?"

"పొద్దున పిల్లకాయలు మలుపులో బెల్లు కొట్టుకుంటా పోతారు కదా. అది వినంగానే నేను మేత వేస్తా. మళ్ళీ సాయంత్రం వచ్చేటప్పుడు ఇంకో మేత. గడియారం చూసే పని తప్పింది నాకు. నిన్న బెల్లు లేక మేత ఆలస్యమాయె."

ఆమె చేతులు దులుపుకుని గడపలోకి వచ్చింది.

"మలుపు తిప్పమన్నది నేనే. ఆకు నరికిన తోట చూపించి తిప్పించినా. నాకూ తోచల్యా, మీకూ తోచల్యా. ఈ పంట గూడు కట్టనీ. మలుపు లోపలి మూలంతా తీసేస్తా."

ఆ మూల బోరు పక్కన ఉంది. తోటలో బాగా ఆకు దిగేది అక్కడే. భార్యాభర్తలిద్దరూ కలిసి నాటిన మొక్కలవి. వేర్లు ఎంత లోతుకు పోయి ఉంటాయో నాకు తెలుసు. ఏదో ఒకటి అనాలని, "ఆ మూలలో బంతిపూలు వేయక్కా, మా స్వామికి మాలలు కడతాను," అన్నాను.

ఆమె నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "పూజారమ్మకు పూలే తోస్తాయి. పూలకు మందు కొట్టాల. ఆ గాలి తగిలితే నా పురుగులన్నీ సచ్చిపోతాయి. ఉలవలు చల్తా. మందొద్దు, నీళ్ళొద్దు, ఎత్తు పెరగదు. గుగ్గిళ్ళు చేసి పెట్టు మీ సామికి. తినడా ఏం?"

"తింటాడక్కా," అన్నాను.

గూళ్ళు దించి మార్కెట్టుకు పంపాక, ఆమె జేసీబీ పిలిపించి ఆ మూలంతా పెకలించింది. మొదళ్ళు లేస్తుంటే చూడలేక పురుగింట్లోకి పోయి చంద్రికెలు కడుగుతూ కూర్చుందట. అవి పురుగులు గూళ్ళు కట్టుకునే తట్టలు. వదిన చూసి వచ్చి చెప్పింది. ఆ మాట ముసలామె మాత్రం ఎన్నడూ ఎత్తలేదు.

ఉలవలు మొలిచాక, ఒక ఆదివారం నా కొడుకును బలవంతంగా తీసుకుపోయాను. పిల్లను సైకిల్ మీద అవతలి చివరికి పంపించి, ఇటునుంచి చూడమన్నాను. పక్కన మల్బరీ తలకు మించి ఉంది, మలుపు మూల మాత్రం తెరిపిగా ఉంది. పిల్ల రిబ్బను ఉలవచేను మీదుగా ఆ చివరనుంచి ఈ చివరదాకా ఒక్కచోట కూడా మరుగు పడకుండా వచ్చింది. మలుపులో బెల్లు కొట్టింది. పురుగింట్లోనుంచి ఒక తల బయటికి వచ్చి, "ఈపొద్దు ఆదివారం కదా, యాల కొడతాండావు? మేత వేయబోతిని," అని తిట్టింది.

మరునాడు నేను పూజ ముగించి లేచేసరికి, నా కొడుకు వాకిట్లో కూర్చుని సైకిల్ టైర్లకు గాలి కొడుతున్నాడు.

ఆ పిల్ల పది ఆ బాటనే ముగించింది. ఇప్పుడు చింతామణిలో పీయూసీ, అంటే ఇంటర్, చదువుతోంది. బస్సులో పోతుంది, బోర్డు తనే చదువుకుని ఎక్కుతుంది. బాట మీద ఇప్పుడు వేరే పిల్లలున్నారు. ఏటా ఉలవలు రాగానే గుగ్గిళ్ళు చేసి స్వామికి నైవేద్యం పెట్టి, బాట చివర నిలబడి వాళ్ళ చేతుల్లో పోస్తాను. మొదటి దోసిలి ముసలామెకు తీసుకుపోయేదాన్ని. "ఉప్పు తక్కువ," అనేది ప్రతిసారీ, మొత్తం తినేది.

పోయిన మాఘంలో ఆమె వెళ్ళిపోయింది. ఇప్పుడు చెల్లెలి కొడుకు తోట చూస్తున్నాడు. మూలలో మళ్ళీ మల్బరీ నాటుతాడేమోనని మేమంతా భయపడ్డాం. తొలి వానకు ఉలవలే చల్లాడు. పెద్దమ్మ చెప్పి పోయిందన్నాడు.

బాటకు ఆమె పేరు పెడదామని బడిలో అనుకున్నారు. బతికి ఉంటే ఒప్పుకునేది కాదు, అందుకే నేనూ ఇక్కడ రాయలేదు. మీలో పేరు తెలియనివారికి కూడా దండం పెట్టుకునే అలవాటు ఉన్నవాళ్ళుంటే, ఒక చిన్న మనవి. ఎప్పుడైనా ఏ ఊళ్ళోనైనా పిల్లలు సైకిల్ బెల్లు కొట్టుకుంటూ బడికి పోతుంటే, బెల్లు విని పురుగులకు మేత వేసిన ఆ తల్లిని ఒక్కసారి తలుచుకోండి.